వద్దన్నా పెట్టిన మామిడి ముక్క

మా వీధి చివర హోటల్ పని నేర్పే కాలేజీ ఒకటి వచ్చింది. అక్కడి పిల్లలు సాయంత్రాలు మా ఇంటికి వస్తుంటారు. బహ్రెయిన్‌లో ఎలా ఉండేది, షేకులను దగ్గరగా చూశారా, ఏ హోదాలో దిగిపోయారు అని అడుగుతారు. షేకులను చూశాను. వాళ్లూ ఆకలేస్తే తినే మనుషులే. హోదాల గురించి చెప్పడానికి నాకు ఉత్సాహం లేదు. జల్లాఖ్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక రిసార్టులో విందుల విభాగం చూసేవాణ్ణి. పెళ్లిళ్లు, కంపెనీ పార్టీలు, దేశదేశాల సంఘాల వేడుకలు జరిగేవి. హాలు అలంకరించడం, వంట చేయించడం, వడ్డన చూసుకోవడం, వచ్చినవాళ్లు సంతోషంగా వెళ్లేదాకా నిలబడటం నా పని.

ఈ పనికి పుస్తకాల్లో చాలా నిర్వచనాలున్నాయి. నాకు తెలిసినది ఒకటే. ఎదుటి మనిషికి ఏం కావాలో, ఏం వద్దో తెలుసుకోవడం. మొదటి సగం నాకు బాగానే వచ్చింది. రెండో సగం రాలేదు. ఎంత రాలేదో తెలిసింది తొంభైల మొదట్లో, ఒక సన్మాన సభలో.

నా భార్య శారద మొన్నటి చలికాలంలో పోయింది. తను ఉండగా ఈ సంగతి రాయనివ్వలేదు. "మనం సిగ్గుపడ్డాం, సరే. అది నలుగురికీ చెప్పుకుని తేలికపడటం ఎందుకు?" అనేది.  అయినా రాస్తున్నాను. మొన్న కాలేజీ అమ్మాయి ఒకతె, "అతిథి వద్దంటే ఏం చెయ్యాలి సార్?" అని అడిగింది. నేను ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయాను.

కప్పు ఊపడం

చేరిన కొత్తలో నా పైఅధికారి ఫెర్నాండెజ్ అనే గోవా ఆయన. నోరు కారం. పని మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అరబ్బు అతిథులకు కహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోసేటప్పుడు వాళ్ల చేతిని చూడమనేవాడు. ఖాళీ కప్పు ఊరికే పట్టుకుని కూర్చుంటే మళ్లీ పోయాలి. మణికట్టు దగ్గర కప్పును అటూ ఇటూ కొద్దిగా ఊపితే చాలని అర్థం. ఆ తర్వాత ఒక్క చుక్క పోసినా అమర్యాద.

మన వాళ్ల విందుల దగ్గర మాత్రం ఆయన తల పట్టుకునేవాడు.

"మీ తెలుగువాళ్లతో నా వల్ల కాదు భాయ్. ఆ లావుపాటి ఆయన స్వీటు వద్దు వద్దంటూ ప్లేటు ముందుకు జరుపుతున్నాడు. నేను నోటిని నమ్మాలా, చేతిని నమ్మాలా?"

"చేతిని నమ్మండి సార్."

"మరి చెయ్యి అడ్డం పెడితే?"

"అప్పుడు వేళ్ల సందుల్లోంచి పెట్టాలి."

"అది వడ్డన కాదయ్యా, దాడి," అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. నేను మాత్రం దాన్ని పాఠంగా మార్చేశాను. నా కింద వడ్డించే మలయాళీలకూ ఫిలిప్పీన్స్ వాళ్లకూ చెప్పేవాణ్ణి: మా వాళ్లు మొదటిసారి వద్దంటే మొహమాటం, రెండోసారి అంటే మర్యాద, మూడోసారి అంటే పెట్టమని. తెలుగు సంఘం వేడుకలన్నీ మా హాలుకే వచ్చేవి. ఇంట్లో తిన్నట్టుందని అందరూ మెచ్చుకునేవారు. ఆ పాఠం తప్పని ఎవరూ అనలేదు. అప్పటిదాకా నిజంగా వద్దన్న మనిషి ఎవరూ మా హాలుకు రాలేదు.

శారద ఆలోచన

ఆ ఏడాదిని ప్రపంచమంతా ఆదివాసుల సంవత్సరంగా జరుపుతోందని పేపర్లో వచ్చింది. శారద అప్పుడు తెలుగు సంఘానికి సాంస్కృతిక కార్యదర్శి. పెళ్లికి ముందు కాలేజీలో చరిత్ర చెప్పింది. కమిటీ మా ఇంట్లో కూర్చున్నప్పుడు, కొండల్లో ఉండే మన వాళ్లను పిలిచి, వాళ్లలో పెద్దవాళ్లకు సన్మానం చేద్దామంది.

"ఈ ఎడారిలో ఆదివాసులెక్కడున్నారమ్మా?" అన్నారు అధ్యక్షులవారు.

"ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఉన్నారండీ. హమద్ టౌన్‌లో ఉన్నారు. మన ఇళ్ల మెట్లు కడుగుతున్నారు."

 ఆలోచన ఖాయమైంది.

తన మనసులో ఉన్న మనిషి చెల్లాయమ్మ. రంపచోడవరం పైన కొండల్లో ఊరు. కొండరెడ్ల మనిషి. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక బహ్రెయినీ ఇంట్లో పిల్లల్ని పెంచుతూ తల నెరిసింది. ఆ పక్క ఊళ్ల ఆడవాళ్లు కొందరు ఇళ్లల్లో, మగవాళ్లు కొందరు హమద్ టౌన్‌లో ఒక కట్టుబడి కంపెనీ క్యాంపులో ఉండేవారు. అందరికీ ఆమె పెద్దమ్మ. శారద వెళ్లి పిలిస్తే, "మాకెందుకమ్మా సన్మానాలు, అంతసేపు కూసుంటే నడుం పట్టేస్తాది," అందట. తర్వాత, తన వాళ్లంతా ఒకపూట కలిసి భోంచేస్తారు కదా అని ఒప్పుకుంది.

మాకు తర్వాత తెలిసిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. వాళ్ల ఊళ్లో కొత్త మామిడి ఎవరూ ముందుగా తినరు. మామిడి కొత్త అనే పండుగ చేస్తారు. ఆ ఏడు పోయినవాళ్లను పేరు పెట్టి పిలిచి, తొలి ముక్క వాళ్లకు పెట్టి, ఆ తర్వాతే బతికున్నవాళ్లు తింటారు. అన్ని కొండ ఊళ్లలోనూ ఇదే పద్ధతో కాదో నాకు తెలీదు. వీళ్లది ఇది. బహ్రెయిన్‌లో కూడా ఏటా ఒక శుక్రవారం జల్లాఖ్ ఒడ్డున, మా రిసార్టుకు అవతల ఖర్జూరపు చెట్ల కింద ఈ పండుగ చేసుకునేవారు. మేము దాని గురించి వినను కూడా లేదు. పేర్లు పిలిచేది చెల్లాయమ్మ. పిలిచే మనిషి అప్పటిదాకా మామిడి నోట పెట్టి ఉండకూడదు.

ఆ ఏడు పిలవాల్సిన పేరు ఒకటుంది. సోమిరెడ్డి. క్యాంపు మనిషి. పనిలో పరంజా మీంచి పడి పోయాడు. శవాన్ని ఊరికి పంపారు. తమ్ముడు గంగిరెడ్డిదీ అదే క్యాంపు, అదే కంపెనీ. శవంతో వెళ్లడానికి అతనికి సెలవివ్వలేదు. అన్న కోసం గంగిరెడ్డి చేయగలిగింది ఆ పిలుపు దగ్గర నిలబడటం ఒక్కటే. మా సభ శుక్రవారం. వాళ్ల మామిడి కొత్త ఆ తర్వాతి శుక్రవారం.

వెనక తలుపు

హాలులో వెదురు గుడిసె కట్టించాను. గోడలకు విల్లంబులు తగిలించాను. ఆఫీసర్ల పిల్లలు ఆకులు చుట్టుకుని, ముఖాలకు నల్లరంగు పూసుకుని నాట్యానికి సిద్ధమయ్యారు. ఆ రంగు చూసి నాకేమీ అనిపించలేదు. విందు కూడా నేనే ఆలోచించాను. బొంబాయి నుంచి విమానంలో వచ్చిన మామిడిపళ్లు తెప్పించాను. అడవి, చెట్టు, పండు. నా ఆలోచన అంతవరకే వెళ్లింది.

వాళ్లను తీసుకొచ్చిన బస్సు డ్రైవరు రోజూ మాకు పనివాళ్లను తెచ్చేవాడే. అలవాటుగా వెనక, వంటగది దగ్గర దించాడు. సన్మానం అందుకోవాల్సిన మనిషి ఉల్లిపాయల బస్తాల పక్కనుంచి లోపలికి వచ్చింది. మామిడి బుట్టలు చూసి ఆగింది.

"బాబుగారూ, ఆ మామిడి మాకొద్దండి."

"ఏం, నీకు పడదా?"

"పడకేటండి. ఇంకా తినకూడదు."

"మొహమాటపడకు చెల్లాయమ్మా. ఇవాళ మీదే పండుగ."

"మాది వచ్చే సుక్కురారం అండి."

నేను నవ్వాను. లోపలినుంచి ఎవరో పిలిస్తే వెళ్లిపోయాను. ఆమె ఇంతకన్నా విడమర్చి ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తోచదు.

వేదిక మీద

వంటగది దగ్గర "నువ్వు" అయిన మనిషి వేదిక మీద "శ్రీమతి చెల్లాయమ్మ గారు" అయింది. నడిమి కుర్చీలో కూర్చోబెట్టారు. దీపం వెలిగించారు. అధ్యక్షులవారు అడవితల్లి గురించి చాలాసేపు మాట్లాడారు. పిల్లలు కేకలు వేస్తూ గుండ్రంగా తిరిగారు. నేను హాలు వెనక నిలబడి చూస్తున్నాను. క్యాంపు నుంచి వచ్చినవాళ్లు చివరి వరసలో కూర్చున్నారు.

"ఈళ్లెవరంట్రా?" అన్నాడు ఒకడు మెల్లగా.

"మనవేనంట."

"మనం ఎప్పుడు ఎగిరాంరా ఇలాగ?"

"సీమలు కుడితే ఎగరమేటి? ఊరుకో, బిరియానీ ఉందంట."

గంగిరెడ్డి వాళ్ల పక్కనే ఉన్నాడు. అతను నవ్వలేదు.

శాలువా కప్పారు. దాని మీద ఇంకో శాలువా కప్పారు. తర్వాత శారద పళ్లెం తీసుకుని ముందుకొచ్చింది. మన సభల్లో ఇది మామూలే. శాలువా తర్వాత ఆప్యాయంగా నోటికందిస్తాం. నేను అప్పటికి వేదిక ముందుకి వచ్చాను. శారద మామిడి ముక్క తీసి చెల్లాయమ్మ నోటి దగ్గర పెట్టింది. ఆమె తల వెనక్కి జరిపింది. ఏదో అంది. మైకు దూరంగా ఉంది.

"ఒక్క ముక్క. నా కోసం," అంది శారద నవ్వుతూ.

ఫొటో తీసే అతను ఇటు చూడమన్నాడు. అప్పుడు చెల్లాయమ్మ ఒడిలో ఉన్న కుడిచెయ్యి మణికట్టు దగ్గర అటూ ఇటూ కదిలింది. చేతిలో కప్పు లేదు. అయినా అదేమిటో నాకు తెలుసు. అరబ్బు ఇంట్లో ఎన్నో ఏళ్లుగా కహ్వా అందించిన చెయ్యి అది. చాలు, వద్దు అని చెప్పడానికి ఆ గదిలో ఆమెకు మిగిలిన గుర్తు అది. దాన్ని చదవడం నా ఉద్యోగం. నేను చదివాను కూడా.

"తీసుకోమ్మా, అందరూ చూస్తున్నారు," అన్నాను.

నోరు తెరిచింది. హాలంతా చప్పట్లు. వెనక వరసలో గంగిరెడ్డి లేచి నిలబడ్డాడు.

ఆమె నమల్లేదు. ముక్కను బుగ్గన పెట్టుకుని పెదాలు బిగించి కూర్చుంది. అధ్యక్షులవారు మైకు తెచ్చి, మీ సంస్కృతి గురించి రెండు మాటలు చెప్పండమ్మా అన్నారు. మాట్లాడలేదు. "సిగ్గుపడుతున్నారు!" అని ఆయనంటే హాలు నవ్వింది. మైకు ఇంకా దగ్గరికి వచ్చింది. ఆమె చివరి వరస వైపు ఒకసారి చూసింది. తర్వాత మింగేసింది.

"అందరూ సల్లగా ఉండండి," అంది.

ఉమ్మేసి ఉండవచ్చు. ఆ ముక్క పెట్టింది శారద చెయ్యి. పదిమందిలో ఆ చేతిని చిన్నబుచ్చలేకపోయింది. ఆ సాయంత్రం ఆ హాలులో ఎవరైనా ఎవరికైనా మర్యాద చేశారంటే అది అదే.

ఎవరు తిన్నారు

భోజనాలు మొదలయ్యాక, ఆమె కుర్చీలోనే మరిచిపోయిన జ్ఞాపిక పట్టుకుని శారదా నేనూ వెతుక్కుంటూ వెళ్లాం. వంటగది వెనక గంగిరెడ్డితో నిలబడి ఉంది. రెండు శాలువాలూ మడిచి చంకలో పెట్టుకుంది.

"తినేసావు పెద్దమ్మా," అంటున్నాడు గంగిరెడ్డి.

"తినేసాను."

"ఊసెయ్యలేకపోయావా?"

"అంతమందిలోనా? ఆయమ్మ సేత్తో పెట్టిందిరా."

"మా అన్న కంటే ఆయమ్మ ఎక్కువైపోయిందా?"

 శారద ఏమైందని అడిగింది. చెప్పింది గంగిరెడ్డే. గొంతు పెంచలేదు. మామిడి కొత్త గురించి, పిలుపు గురించి, అన్న గురించి చెప్పాడు.

"ఊళ్లో పిలుస్తారండి. కానీ ఆడి పానం పోయింది ఇక్కడ కదా. ఇక్కడోసారి పిలిస్తే ఆడికి దారి తెలుస్తాదని నా ఆశ. మీరు మాకు పండగ చేసారు. మా పండగ పోయింది. అంతేనండి."

ఇంతలో అధ్యక్షులవారు అటుగా వచ్చి, "ఏమయ్యా, భోంచేశావా? మొహమాటపడకు," అని గంగిరెడ్డి భుజం తట్టి వెళ్లారు.

మర్నాడు ఇద్దరం ఉమ్మ్ అల్ హస్సామ్ వెళ్లాం. కొండల్లో తప్పు జరిగితే తప్పు కట్టే, అంటే జరిమానా ఇచ్చే, ఆచారం ఉంటుందని శారద చదివింది. ఆ ఇంటి వెనక గేటు దగ్గర నిలబడి, ఏం కట్టాలో చెప్పమని అడిగింది.

"తెలీక సేసినదానికి తప్పేటమ్మా?" అంది చెల్లాయమ్మ. "తిన్నది నేను. బాబుగారికి సెప్పాను గానీ, పని హడావిడిలో మరిసిపోయుంటారు."

శారద నా వైపు తిరిగింది.

"మీకు చెప్పిందా?"

"చెప్పింది."

 శారద తెలియక చేసింది. నేను విని చేశాను. ఆ తేడాను ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తి చూపలేదు. చూపి ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఖర్జూరపు చెట్ల కింద

శుక్రవారం వాళ్లు వచ్చారు. మమ్మల్నీ రమ్మంది చెల్లాయమ్మ. చెట్ల కింద గుడ్డ పరిచి పళ్లు పెట్టారు. అందరూ చుట్టూ కూర్చున్నారు. ఎవరూ కత్తి తీయలేదు.

"నువ్వు కాకపోతే ఇంకొకరు పిలవకూడదా పెద్దమ్మా?" అని అడిగిందొక అమ్మాయి.

"పిలిసేది పెద్దదేనే. పెద్దది ముందే తినేసింది. పోయినోడి కంటే ముందు తిన్న నోటితో ఆణ్ణి రమ్మని ఎలా పిలుత్తాను?" అంది చెల్లాయమ్మ. "ఈ ఏడు ఇక్కడ పిలుపు లేదు. మనమెవరం మామిడి ముట్టుకోవద్దు."

"ముట్టకపోతే ఏటి పోయింది? ఈ బొంబాయి కాయ మన వాగు ఒడ్డు కాయ ముందు దేనికి పనికొస్తాది?" అన్నాడు వెనకనుంచి ఒకడు. కొందరు నవ్వారు. చెల్లాయమ్మ కూడా నవ్వింది. గంగిరెడ్డి లేచి నీళ్ల దగ్గరికి వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అన్నం, ఎండుచేపల పులుసు తిన్నారు. మాకూ పెట్టారు. వద్దన్నామని మళ్లీ పెట్టలేదు. కోయని పళ్లు తిరిగి సంచిలోకి వెళ్లాయి.

శారద గంగిరెడ్డి దగ్గరికి వెళ్లి ఒకటే అడిగింది. ఊళ్లో మామిడి కొత్త అయినప్పుడల్లా తనకు కబురు పంపమంది.

"ఎందుకండీ?"

"అప్పటిదాకా నేను తినను."



తర్వాత

నా పనివాళ్లకు పాఠం మార్చాను. వద్దంటే ఆగిపోండి, రెండోసారి అడగొద్దు అన్నాను. నెల తిరక్కుండా మన వాళ్లు ఫిర్యాదులు మొదలుపెట్టారు. మీ హాలులో వడ్డన చెడిపోయింది, అడిగే దిక్కులేదు అన్నారు. ఫెర్నాండెజ్ పిలిచి, "మీ వాళ్లు ఆకలితో ఇంటికి పోతున్నారు, నీకేమైంది?" అని తిట్టాడు.  కొంతకాలానికి అందరూ మళ్లీ మూడుసార్లు అడగడం మొదలుపెట్టారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

కాబట్టి ఆ అమ్మాయికి చెప్పడానికి నా దగ్గర సూత్రం లేదు. వద్దనే మాటకు మనలో చాలా అర్థాలున్నాయి. వాటిని ఒక్కటిగా చేయడం మన వల్ల కాదు. కాని ఎందుకు వద్దు అని అడగొచ్చు. అడిగాక జవాబు వినేదాకా అక్కడ నిలబడొచ్చు. వెనక తలుపు దగ్గర నేను నిలబడి ఉంటే సరిపోయేది. సన్మానం చేసేవాళ్లకు ఇంకో మాట. ఎవరినైనా గౌరవించాలనుకుంటే, వాళ్ల పండుగ ఎప్పుడో ముందు కనుక్కోండి. వాళ్లు పిలిస్తే వెళ్లండి. చివరి వరసలో కూర్చోండి.

గంగిరెడ్డి ఆ మరుసటి ఏడు ఊరికి వెళ్లిపోయాడు. అన్న పేరు అక్కడ అంతకుముందు ఏడే పిలిచారు. అది అతను కోరుకున్న చోటు కాదు. ఆ వేసవిలో శారదకు మొదటిసారి కబురు పంపాడు. అప్పటినుంచి ఏటా పంపుతున్నాడు. మేము కాకినాడ వచ్చాక ఫోన్ చేస్తున్నాడు. చెల్లాయమ్మ పోయిన ఏడు, ఆమె పేరు పిలిచామని కూడా చెప్పాడు. ఇన్నేళ్లలో ఆ కబురు రాకుండా మా ఇంట్లో మామిడి కోయలేదు. శారద అన్నదని కాదు. తను తినకపోతే నాకూ తినబుద్ధి కాలేదు.

మొన్న ఫోన్ వచ్చింది.

"బాబుగారూ, కొత్త అయిపోయిందండి. అమ్మగారికి సెప్పండి, తినమనండి."

"శారద పోయిందయ్యా. చలికాలంలో."

అతను పక్కన ఎవరికో ఆ మాట చెప్పడం వినపడింది. 

"ముందే కబురెట్టుంటే ఈ ఏడే పిలుద్దుమండి. శారదమ్మగారు అనుకుంటానండీ పేరు? ఇన్నేళ్లూ అమ్మగారనే అన్నాం."

"శారద."

"వచ్చే ఏడు పిలుస్తామండి."

వద్దనబోయాను. మాకు ఆ అర్హత లేదని చెప్పాలనుకున్నాను. కాని గంగిరెడ్డి వద్దంటే మానేసే మనిషి. అందుకని నోరు మూసుకున్నాను. ఫోన్ పెట్టేశాను. అంటే శారదకు తొలి ముక్క పెట్టే వచ్చే ఏడు దాకా నాకు మామిడి లేదు.

నిన్న సాయంత్రం పక్కింటి అమ్మాయి పళ్లెంలో పళ్లు పట్టుకొచ్చింది. వాళ్ల చెట్టువి.

"వద్దమ్మా, ఈ ఏడు తినను," అన్నాను.

"భలేవారు బాబాయిగారూ, మీకు మరీ మొహమాటం," అని నవ్వి, నాలుగు బల్ల మీద పెట్టింది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి ఇంకో రెండు పెట్టింది.